ఐదు నిమిషాలు

హల్ ఊళ్ళో కంటాసుపత్రి, మూడో గది.
ఎల్లర్బీ గారి కింది రెప్పల్లో
రెండు కాగితపు పీలికలు మడిచి తగిలించాను.
"కళ్ళు మూసుకోండి. ఐదు నిమిషాలు.
మాట్లాడకపోతే మంచిది."
ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆ కిటికీ ఉంది చూడు,
విండో అంటే గాలి కన్ను.
ఓడలెక్కి వచ్చిన ఉత్తరాదివాళ్ళు
ఈ ఒడ్డున పారేసుకున్న మాట.
అప్పట్లో అద్దాలెక్కడివి? గోడకో కన్నం,
అందులోంచి ఈలేసే చలి."
నలభై ఏళ్ళు చేపల రేవులో తూకాలు రాసిన మనిషి.
రాత్రిళ్ళు నిఘంటువు చదువుతాడట, నిద్ర పట్టక.

మాకూ ఒకటుంది, అన్నాను. గవాక్షం.
ఆవు కన్ను.
మూసిన కళ్ళతోనే నవ్వాడు.
"గాలి కంటే ఆవు నయం. రెప్పన్నా వేస్తుంది."

మరి కన్నీళ్ళనేమంటారు మీరు?
కన్నీరే. కన్నూ నీరూ. అందులో దాచిందేం లేదు.
మీ మాటే నన్ను తిప్పలు పెట్టింది.
కొత్తలో ఫారం మీద 'టియర్' చూసి
కన్నెక్కడ చిరిగిందా అని
ఒక ముసలమ్మ కంట్లో టార్చి వేసి వెతికాను.
చిరుగుకీ కన్నీటికీ అవే అక్షరాలు.
"పెద్ద తప్పేం కాదులే" అన్నాడు.

ఇంకా మూడు నిమిషాలు.
ఊరికే ఉండలేక చదువుకున్నది చెప్పాను:
కంటిని తడిపి ఉంచేది ఒక నీరు,
ఉల్లిపాయకీ పొగకీ ఉబికేది ఒకటి,
మూడోది మనిషికి మాత్రమే అంటారు.
ఎందుకో ఎవరూ తేల్చలేదు.
పుట్టిన బిడ్డ కొన్ని వారాలు పొడి కళ్ళతోనే ఏడుస్తుంది.
నీళ్ళు తర్వాత వస్తాయి.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

"మార్చిలో మా మేవిస్ పోయింది.
చాపెల్లో అందరూ రుమాళ్ళు తీశారు.
నేను పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని నిలబడ్డాను.
రాయివి నాన్నా నువ్వు, అంది మా అమ్మాయి.
అప్పట్నుంచీ ఫోను లేదు."

పీలికలు తీశాను.
కుడి మూడు మిల్లీమీటర్లు, ఎడమ రెండు.
పదైనా తడవాలి.

"అది కాగితం మీద రాసిస్తావా?
ఆసుపత్రి ముద్ర వేసి."

నాకు తెలుసు, ఈ పీలిక
ఆ మూడో నీటిని కొలవదు.
కళ్ళు ఎండినవాడు ఏడవలేకపోవచ్చు,
ఏడవనూ వచ్చు.
చెప్పాలా?

రాశాను. మూడు. రెండు.
ముద్ర వేసి, సిరా అలుక్కోకుండా ఊదాను.
నాలుగు మడతలు పెట్టి
కోటు లోపలి జేబులో దాచుకున్నాడు.

తలుపు దగ్గర ఆగాడు.
"ఆ ఆవు మాట ఇంకోసారి చెప్పు."
గ. వా. క్షం.
మూడుసార్లు తప్పు పలికాడు.
"మా అమ్మాయికి ఇలాంటివంటే ఇష్టం."