అంచులో మడత

ఫర్వానియా ఆసుపత్రి. ఎకో గదిలో చలి.
టోకెను మీద ఓబులేసు కాస్తా ‘అబ్లేస్’.
తెర మీద కదులుతోంది
నా ఐదో ఏట వేసిన అతుకు.

“పదకొండేళ్లు ఎక్కడికీ వెళ్లలేదా?”
“బాగైపోయిందన్నారు కదా సార్.”
“బాగైంది. అయిపోలేదు.”

దిష్‌డాషాలు కుట్టేవాణ్ని, నాకు తెలీదా!
పిల్లల బట్టకి అంచులో
రెండువేళ్ల గుడ్డ మడిచి దాస్తాం,
ఎదిగాక విప్పుకోడానికి.
గుండెలో అలా దాచే చోటేదీ?
నేనెదిగాను, అతుకు ఎదగలేదు.
కవాటం కారుతోందట, కొద్దికొద్దిగా.

ఏడాదికోసారి రమ్మన్నాడు.
“అకామా లాగానా?” నవ్వాను.
ఆయన నవ్వలేదు.

రాత్రి దుకాణంలో
ఎవరో బుడ్డోడి చొక్కా.
మూడువేళ్లు వదిలి మడిచాను.
కఫీలు చూస్తే
గుడ్డ దండగంటాడు.