నాలుగువందల పన్నెండో ఫ్రేము

తార్తూలో డిసెంబరు, మూడున్నరకే చీకటి.
నాలుగు కెమెరాలూ ఒకే క్షణాన్ని చూడటం లేదని
మారికా పొద్దున్నే చప్పట్లు కొట్టి వాటిని కలిపింది.
గళ్ళ అట్ట పట్టుకుని గదంతా తిరిగింది.
నేల నునుపులో తేలిన ఇంకో జత కాళ్ళని
పాత దుప్పటి పరిచి చెరిపింది.

అయినా నాలుగువందల పన్నెండో ఫ్రేములో
ఎండెల్ కాళ్ళు తారుమారు.
కుడి మోకాలు పోయి ఎడమ తొడకి అతుక్కుంటుంది,
నీలిగీత ఎర్రబడుతుంది,
రెండడుగులయ్యాక ఏమీ ఎరగనట్టు
ఎవరి చోటికి వాళ్ళు.

"నల్ల ప్యాంటు వల్ల" అంది మారికా.

అడవిలో ముప్పయ్యేళ్ళు దుంగలు లాగినవాడు
తెరమీది తన పుల్లల బొమ్మని
చాలాసేపు చూశాడు.
"ప్యాంటునేం అనకు.
పక్షవాతం వచ్చాక నాకూ అక్కడే అనుమానం.
పాదం గాల్లో ఉండగా
ఇది ఏ కాలని."

ఆమె రాసుకుంది. కొట్టేసింది.
మళ్ళీ రాసుకుంది.
తన పొడుగు ఎర్ర మేజోడు విప్పి
అతని ఎడమకాలికి, ప్యాంటు మీంచే, మోకాలిదాకా లాగింది.
గీతలు దారి తప్పలేదు.

మేజోడు అతనితోనే బస్సెక్కి వెళ్ళిపోయింది.

రాత్రి మంచులో మారికా
ఒక బూటులో ఒట్టి పాదంతో
కొంచెం కుంటుతూ ఇంటికి.