కల్లు నిండినయ్

ఆ నవలకు అట్ట లేదు.
నా కాడికి వచ్చేసరికి దాని పేరు ఒట్టి ‘రెండు’.
‘ఒకటి’ ఎవని ఫోన్ల ఉన్నదో
సనయ్యాల ఎవ్వనికీ తెల్వదు.

నాది కీలు అరిగిన నోకియా.
ఐదు నొక్కితె ఆరు పడుతది,
ఎనిమిది మీద అంకె ఎప్పుడో పోయింది,
బొటనవేలికి గుర్తుంది, చాలు.
దోహాల కొన్నది గద, తెలుగు రాదు.
తెలుగుల ఏది పంపినా
గడులు గడులు చూపిస్తది
కరెంటు పోయిన క్యాంపు కిటికీల లెక్క.

అందుకే ఎవడో పుణ్యాత్ముడు
నవలంత ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టిండు.
ళ లేదు, లతోనే సర్దుకోవాలె.
ఒత్తులు ఓపికున్న కాడ ఉన్నయ్,
నిద్రొచ్చిన కాడ లేవు.
చదువుతుంటె తెలుస్తది
ఏ పేజీ డ్యూటీ దిగినంక కొట్టిండో
ఏది శుక్రవారం పొద్దున కొట్టిండో.

నూట పన్నెండో పేజీల
ఆమె గోదాం తలుపు తెరిచింది.
లోపల

గంతే. ఫైలు తెగింది.
అరవై నాలుగు కేబీలు దాటితె
ఈ ఫోను మింగదట.

మూడు నెలలు అడిగిన.
సైటు కాడికి యాభై నిమిషాలు,
బస్సుల బ్లూటూత్ ఆన్ చేసి పెట్టిన.
పోశెట్టి నిర్మల్, కింగ్ డెబ్భై, బంగారం,
పేర్లు తేలినయ్, మునిగినయ్.
పాటలొచ్చినయ్.
ఎవని బిడ్డదో ఒక ఫోటో దారి తప్పి వచ్చింది,
రెండు జడలు, ఒక రిబ్బను.
తుడవబుద్ధి కాలే.
గోదాంల ఏమున్నదో మాత్రం
ఎవ్వడూ పంపలే.

ఆఖరికి నేనే రాసిన.
ఏడో తరగతి, కడ్డీలు కట్టే పని.
పై మంచం మీద దుప్పటి ముసుగుల
వెలుగు పక్కోనికి తగలకుంట
పన్నెండు రాత్రులు.
చోటు కోసం మొదట్ల ఉన్న
వాన పేజీలు రెండు తీసేసిన.
ఇక్కడ వానెవడు నమ్ముతడు?

చచ్చిపోయిండనుకున్న అన్న
బియ్యం సంచుల మీద కూసొని ఉన్నడు.
ఆమె ఏం మాట్లాడలే.
కళ్ళు నిండినయ్, అని రాసిన.
అంటె, కే, ఏ, రెండు ఎల్లులు, యూ.

ఎల్లేశ్‌కు పంపిన.
రెండు ఫోన్లు ఆనిచ్చి పట్టుకున్నం,
బీడీకి బీడీ ముట్టిచ్చుకున్నట్టు.
తొంభై తొమ్మిది కాడ ఆగి, ఆగి, పోయింది.
ఎల్లేశ్ అంటె
మోకు, ముత్తాదు చూరుకు తగిలేసి
విమానమెక్కినోడు.

ఎండాకాలం పోయింది.
ఎల్లేశ్ కంపెనీ మూతపడ్డది, నంబరు బందయింది.
మెడికల్ కాడ, ఎక్స్‌రే లైన్ల,
ముంగట నిలబడ్డ పోరడు
‘ఇది చదువు అన్నా, మస్తుంటది’ అని
ఒక ఫైలు పంపిండు.
రెండు కొత్తది, దాని పేరు.

గదే. నాదే.
నాది కాదు గూడ.
గోదాం మెట్‌పల్లికి జరిగింది.
నా ఐదు ఆర్ల తప్పులన్ని
ఎవడో ఓపికగ దిద్దిండు.
ఎవడో అన్నకు చాయ్ తాపిండు.
నేను తీసేసిన వాన
మళ్ళ కురుస్తున్నది, నా దాని కంటె జోరుగ.
ఆఖరు పేజీ తెరిచిన.
గోదాం లేదు అక్కడ. సంచులు లేవు.
తాటిచెట్టు కింద, పొద్దుగూకంగ,
చెల్లె లొట్టి వంచుతున్నది,
అన్న రేక పట్టుకున్నడు.
కల్లు నిండింది,
నురుగు అన్న మీసాలకు అంటింది.

నవ్విన. లైన్ల అందరు చూసిన్రు.
దిద్దుదామని కర్సరును
అక్కడిదాక నడిపిచ్చుక పోయిన.
ఎట్ల దిద్దుత?
ఈ కీల మీద ళ లేదు గద.

‘ఒకటి ఉన్నదా అన్నా నీ కాడ?’
పోరడు అడుగుతున్నడు.
లేదన్న.

ఆ రాత్రి కొత్త ఫైలు తెరిచిన.
పేరేందని అడిగింది ఫోను.
ఒకటి మీద వేలు
నొక్కి పట్టిన
చుక్క పోయి
అంకె పడేదాక.