ఖాళీ బరువు

చీమకుర్తి రోడ్డులో లారీ కాటా నాది.
నాదంటే, గదిలో కూర్చుని
నిండు బండి, ఖాళీ బండి
రెంటి మధ్య తేడా రాసిచ్చే పని.
పదహారేళ్లు.

నూట ఇరవై మూడు కిలోల మనిషిని.
ఒంగోల్లో పొట్టకి అయిదు చిల్లులు పెట్టి
లోపలి సంచి కత్తిరించారు.
ఏడు నెలల్లో నలభై ఒకటి పోయింది.
ఓ రాత్రి బండ్లు లేనప్పుడు
ఆ ఇనప పలకల మీద నేనే నిలబడ్డా.
ఇరవై కిలోలకి తక్కువైతే దానికి లెక్కలేదు.
ఎనభై అంది నన్ను.
నవ్వుకుంటా దిగొచ్చా.

ఆ వారమే నీళ్ల క్యాను ఎత్తబోతే
చెయ్యి ఎవరిదో అయినట్టు వణికింది.
నూట ఇరవైలో ఎక్కిన గది మెట్లు
ఎనభైలో గోడ పట్టుకుని ఎక్కా.

"కొవ్వొక్కటే పోయిందనుకున్నావా అక్కా,"
అంది ఫిజియో పిల్ల దీవెన.
"కండా పోతుంది దాని వెంటే. ఎముకా పల్చబడుద్ది.
పని చెప్పకపోతే
ఒళ్లు దేన్నీ దాచిపెట్టదు."

రాయి దించరా అంటే
ఛాసీ కోసి అమ్ముకున్నాడంట ఎవడో.
ఎన్ని వేల బండ్లకు రాశాను ఖాళీ బరువు!
నాది ఎంతుండాలో
ఏ కాయితం మీదా రాసుకోలా.

ఇప్పుడు బండికీ బండికీ మధ్య సందులో
కుర్చీలోంచి లేస్తా, కూర్చుంటా,
చేతులు ఆనించకుండా, పన్నెండు సార్లు.
ఎనిమిదోసారికి తొడల్లో మిరప్పొడి.
కిటికీలోంచి డ్రైవరు కాలేషా
"తిరుపాలక్కా, కుర్చీలో తేలుందా?" అన్నాడు.
చెప్పా.
మర్నాడు క్వారీలో పారేసిన ముక్కలు రెండు
అంచులు నున్నగా రుద్దించి తెచ్చాడు,
నల్లరాయి, లోపల బంగారు నలకలు.
మూడేసి కిలోలుంటాయేమో,
నా కాటాకి ఆనవు.
చేతికొకటి.

క్యారేజీ విప్పితే ముందు గుడ్డు, చేపముక్క.
అన్నం తర్వాత. మిగిలితే మిగిలింది.

రాయిలో బీటుందో లేదో
సుత్తితో తట్టి వింటారు మా దగ్గర.
నేనూ నిద్రపట్టని రాత్రి
మోకాలిచిప్ప మీద వేళ్లతో కొట్టి చూశా.
ఏమీ పలకలా.
స్కానుకి మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.

నిన్న నీళ్ల క్యాను ఎత్తా.
నిండుది కాదులే,
సగం అప్పటికే కాలేషా తాగేశాడు.