కుండ బొమ్మకు పది మార్కులు

పర్లాకిమిడిలో కరెంటు పోయిన రాత్రి
కొవ్వొత్తి ముందు కూచుని
ఏడో తరగతికి డ్రాయింగు ప్రశ్నపత్రం రాస్తున్నాను.
ఒకటో ప్రశ్న: కుండ బొమ్మ గీయుము.
నిలువు గీతకు అటూ ఇటూ సమానంగా ఉండవలెను.
పది మార్కులు.
పందొమ్మిదేళ్లుగా ఇదే కుండ,
అడుగు ఎప్పుడో మాడిపోయి ఉంటుంది.

నిరుడు ఈ కుండ దగ్గరే
బిసంతి శబరకు రెండు మార్కులు వేశాను.
ఆ పిల్ల కుండ గీయలేదు.
నీళ్లకు పోయే మనిషిని, ఆ మనిషి వెనక ఇంకో మనిషిని,
గుర్రాన్ని, దువ్వెనను, సూర్యుణ్ని,
కాగితం అంచుదాకా కిక్కిరిసిన ఊరిని గీసింది.
'కుండ ఎక్కడ?' అని ఎర్రసిరాతో రాశాను.
కాగితం చేతికిచ్చాక చూసుకుని
అగ్గిపుల్ల తలంత చుక్క మీద
వేలు పెట్టి చూపించింది.
అప్పటికే టోటలు వేసేశాను.

త్రినాథ్ మహారణా వాళ్ల నాన్న
గేదె కొమ్ము అరగదీసి కొంగను లేపుతాడు.
వీడికేమో ఎరుపూ ఆకుపచ్చా ఒకటే.
రంగుకడ్డీ మీది పేరు చదివి పూస్తాడు,
పేరు చిరిగిందా, మిరపపండు ఆకుల్లో కలిసిపోతుంది.
దువ్వు ఢిల్లేశుకి పుట్టినప్పట్నుంచీ కుడిచెయ్యి వణుకు.
నిలువు గీత గీయరా అంటే
వానాకాలం మహేంద్రతనయను గీస్తాడు.
ఇక కొరాడ లిఖిత
నాలుగు నిమిషాల్లో కుండ దించేసి
మిగతా గంటంతా కిటికీలోకి చూస్తుంది.
ఆ చూపుకి మార్కులు ఏ గడిలో వెయ్యాలో
నాకెప్పుడూ తెలీలేదు.

"అందరికీ ఒకే ప్రశ్న, ఒకే గంట, ఒకే కాగితం.
న్యాయమంటే అదే కదా టీచరమ్మా?"
అన్నారు హెడ్మాస్టరు పాణిగ్రాహిగారు.
నిజమే. అందరికీ ఒకే కొలత చెప్పులు కూడా
కుట్టించొచ్చు, చవగ్గా వస్తాయి.
ఆయనతో అనలేదు.
ఇంటికొచ్చి కొవ్వొత్తితో అన్నాను.

కుండను కొట్టేశాను.
మీ ఇంట్లో నీళ్లు ఎక్కడుంటాయో చూపించుము, అని రాశాను.
రంగుపెట్టెలు వద్దు:
ఒకరికి ఇరవైనాలుగు కడ్డీలు, ఒకరికి మూడు ముక్కలు.
బొగ్గు, పసుపు, జేగురు, బియ్యప్పిండి
పళ్లేల్లో పోసి మధ్యన పెడతాను.
ఢిల్లేశుకి కాగితం నేలకి అతికిస్తాను,
గోడ కావాలంటే గోడకి.
గంట కొట్టనివ్వను.
నన్ను నేనే మెచ్చుకుని కొవ్వొత్తి ఊదేశాను.

శుక్రవారం. వరండా.
జేగురు తాకగానే బిసంతి వేళ్లు
కొండెక్కి ఇంటికెళ్లిపోయాయి.
ఢిల్లేశు గాబులో నీళ్లు కదిలాయి,
మరొకరి చేతిలో అలా కదలవు.
త్రినాథ్ బొగ్గొక్కటే తీసుకుని
నుయ్యి అడుగుదాకా దిగిపోయాడు.
నేను పెళ్లింటి పెద్దలా అటూ ఇటూ తిరుగుతున్నాను.

లిఖిత కాగితం తెల్లగా ఉంది.
"టీచర్, నిలువు గీత ఎక్కడ గియ్యాలి?"
ఎక్కడైనా, అన్నాను.
"ఎక్కడైనా అంటే ఎక్కడ?"
పెదవి కొరుక్కుని ఏడ్చింది.
స్కేలు పట్టి నేర్పింది నేనే.
ఆ పిల్ల చంకకి నేనెత్తిన కుండ
నేనే లాగేసుకున్నాను.

పక్కన చతికిలబడ్డాను.
మీ ఇంట్లో నీళ్లెక్కడే?
"ఉండవు టీచర్. కొళాయి మూడ్రోజులకోసారి.
ఖాళీ బిందెలే ఉంటాయి, వరసగా."
అవే గియ్యి.
పద్నాలుగు బిందెలు గీసింది.
పదమూడు అటూ ఇటూ సమానంగా.
చివరిది ఒరిగి ఉంది,
ఎవరో ఇప్పుడే తన్నిపోయినట్టు.

రాత్రి రిజిస్టరు తెరిచాను.
పెన్ను మూతపెట్టి పెన్సిలు తీశాను.
టోటలు సోమవారం పొద్దుటికే కావాలట.
కన్నీళ్లకి గడి లేదు,
తన్నిన బిందెకి ఎన్నో ఎవరూ చెప్పరు.
బిసంతి కాగితం దీపానికి దగ్గరగా పట్టుకుని
నీళ్ల కోసం వెతుకుతున్నాను.
మనుషులున్నారు, గుర్రముంది, నిచ్చెన ఉంది.
దొరకలేదు.
సోమవారం అడగాలి,
వేలు పెట్టి చూపించమని.