పొద్దు గుంకాక

మే నెలలో లిథువేనియా పొద్దు
తొమ్మిది దాటినా పడమట కాళ్లు చాపుకుని కూచునే ఉంటుంది.
స్ప్రేయర్ నింపి రెండు గంటలైంది.
కళ్లు మూసినా రెప్పల లోపల ఆవచేను పసుపు.
మొగ్గల్లో నల్లపురుగు.
మొక్కకి మూడు నాలుగైతే ఓర్చుకోవచ్చు,
పొద్దున లెక్కపెడితే తొమ్మిది.

గట్టుకి అవతల జెనొవైతె పెట్టెలు, ఇరవై రెండు.
నీలివి, తెల్లవి. ఒక్కటి మాత్రం గులాబీ రంగు,
గోడకి వేయగా మిగిలింది మనవరాలు పూసిందట.
దాని గడపలోనే ఇంకా రాకపోకలు.
తెమలండమ్మా,
నాకూ ఇంటికి పోవాలనుంది.

అద్దె యంత్రానికి గంట లెక్క.
విల్యుస్ ట్రాక్టర్ మెట్టు మీద కూచుని
రొట్టె, ఉల్లిపాయ నములుతున్నాడు.
"మధ్యాహ్నం వద్దంటావ్, తెల్లారి వద్దంటావ్,
ఇది సేద్యమా, దొంగతనమా?"
రేపు వాన అంటోంది అతని ఫోను. ఎల్లుండి గాలి.
ఉన్నది ఈ రాత్రే.
అయిదింటికి మళ్లీ నలభై ఆవుల పొదుగులు
నా కోసం బరువెక్కి ఉంటాయి.

తేనెటీగలంటే నాకు ప్రేమేం లేదు.
దూడల తొట్లో పడి చస్తుంటాయని
బిరడాలు వేసి వదిలాను, నీళ్లు చెడకుండా.
వాటివల్ల కాయ నిండుగా పడుతుందంటారు.
ఏమో, తూకం వేసి చూసిందెవరు?

మూడేళ్ల కిందట
ఇదే వారం, ఇదే వాన భయం.
పట్టపగలు నాలుగింటికి కొట్టాను. నేనే.
ఈగలకి హాని లేదని డబ్బా మీద రాసే ఉంది.
విడిగా వాడితేనే, అని
కింద చీమతలకాయంత అక్షరాల్లో.
నేను రెండు మందులు ఒకే తొట్టిలో కలిపాను,
ఒక తిరుగుడు డీజిలు కలిసొస్తుందని.

మర్నాడు పాలపాక గుమ్మంలో జెనొవైతె.
కొంగు పట్టినట్టు ఏప్రన్ అంచు పట్టుకుని నిలబడింది.
లోపల గోధుమరంగు కుప్ప.
ఒక్కోదానికీ నాలుక బయటికి చాచి ఉంది,
ఏదో అడుగుతూ ఆగిపోయినట్టు.

మా భాషలో చావుకి రెండు మాటలు.
గొడ్డుకి ఒకటి, మనిషికి ఒకటి.
ఆవైనా గుర్రమైనా, పక్కలో పడుకున్న కుక్కైనా
గొడ్డు మాటే.
తేనెటీగకి మాత్రం మనిషి మాట.
బడిలో చెప్పారు, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి.

"పోయారు" అంది జెనొవైతె.

ఎవరూ, అని అడగబోయాను.

తిట్టలేదు. కేకలెయ్యలేదు.
డబ్బిస్తే గుమ్మంలోనే లెక్కపెట్టుకుంది.
ఎక్కువైందని ఒక నోటు వెనక్కిచ్చింది.
ఆ నోటు ఇంకా సొరుగులోనే ఉంది,
ఏ ఖర్చులో రాయాలో తెలీక.

ఇప్పుడు రెండ్రోజుల ముందు ఫోన్ చేస్తాను.
క్లోవర్ కోసేటప్పుడు గట్టు వార నాలుగు మీటర్లు వదిలేస్తాను.
ఫిబ్రవరిలో గడ్డివాము అడుగంటినప్పుడు
మా ఆయన ఆ నాలుగు మీటర్లూ నాకు గుర్తు చేస్తాడు.
పేరు పెట్టి తిట్టడు గానీ, గుర్తు చేస్తాడు.
ఆయన చెప్పేదీ తప్పు కాదు.

పది దాటి పది నిమిషాలు.
ఫోన్ మోగింది.
"అందరూ లోపలే ఉన్నారు. కానీ" అంది,
పెట్టేసింది.

విల్యుస్ చేతులు తుడుచుకున్నాడు. ఇంజను లేచింది.
దీపాల ముందు పసుపంతా తెల్లబోయింది.
మొదటి సాలు మొదలెట్టబోతుంటే
అద్దం మీద ఒకటి.
చలికి రెక్క విప్పలేక, కాళ్లకి పుప్పొడి బరువుతో.
అందరూ లోపలే అంది గదా.

దిగి, టోపీలోకి తీసుకుని
గాలి తగలనివైపు గట్టు మీద ఒక డొప్పాకు కింద పెట్టాను.
గులాబీ పెట్టె దాకా ఎనభై అడుగులు.
నడవలేదు.
గంట లెక్క తిరుగుతోంది.

పొద్దున పాల లారీ వెళ్లాక పోయి చూశాను.
ఆకు ఉంది, తడిసి.
కింద పచ్చటి పొడి, కాస్త.
వాన మొదలైంది, ఫోను చెప్పిన వేళకే.