రెండో అడుగు

ఆదోని పత్తి మార్కెట్ వెనక సందులో
సైకిల్ షాపుకూ పిండిమరకూ మధ్య
బోర్డు లేని అంగడి.
దస్తగిరన్న అంటే చాలు, ఆటోవాడు దించేస్తాడు.

లోపల నడిచే దారి ఒక మనిషంత.
దీపపు సెమ్మెలు, తమలపాకుల పెట్టెలు,
మీటలూడిన హార్మోనియం,
ఎవరి పెళ్లిదో అద్దం పగిలిన ఫోటో.
వీటన్నిటికీ పైన, ధర చీటీ లేకుండా,
దూదేకే విల్లు ఒక్కటి.

నాకంటే ముందొచ్చినాయన
తువ్వాల్లోంచి నటరాజును విప్పినాడు.
నాలుగు వందల ఏండ్లదంట.
దస్తగిరన్న కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.
బొటనవేలితో రుద్ది, వాసన చూసి
"పేడదిబ్బలో ఆర్నెల్లు నిద్ర చేసినాడు సామీ,
ఇంకా పూర్తిగా మేలుకోలే" అన్నాడు.
అందరం నవ్వినాం, తెచ్చినాయన తప్ప.

నా వంతు.
సంచిలోంచి మా ఇంటి సేరు తీసినా.
ఇత్తడిది, నడుముకు మూడు కట్లు,
అంచున అరిగిపోయిన ముద్ర.
కౌతాళం చుట్టుపక్కల
మా సేరు తిరగని గడప లేదనేది జేజి.
ఏ కరువులోనో మా పెద్దోళ్లు
ఊరికంతా గింజలు అప్పు కొలిచినారంట.
ఆ మాటే నేనూ చెప్పినా,
కొంచెం గట్టిగానే.

ఆయన సేరును గోటితో మీటినాడు,
చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"గొంతు పట్టింది దీనికి."
ఊపినాడు.
ఖాళీ సేరులో ఏదో కదిలింది.

గూట్లోంచి తన సేరొకటి దించి
డబ్బాలో కొర్రలు ముంచి, తల కొట్టి,
నా సేరులోకి వంచినాడు.
నిండింది.
నిండినాక కూడా ఆయన సేరులో ఇంకా ఉన్నాయి.
పేపరు మీద పోసినాడు.
పిడికెడు.
ఇద్దరమూ ఆ పిడికెడునే చూస్తా కూచున్నాం.

"అడుగు మీద అడుగేసినారు."
నా వేలు పట్టుకుని లోపలి అంచున తిప్పినాడు.
తగిలింది, వెంట్రుకంత మాటు గీత.
"పనోడు మంచోడే. మధ్యలో గింజొకటి పడింది,
చూసుకోలే.
ఇది ఇచ్చే సేరు.
పుచ్చుకునే సేరు వేరే ఉంటాది,
కొంచెం కడుపుతో."

ఆయన గొంతులో కోపం కోసం వెతికినా.
దొరికుంటే బాగుండేది.
ఉన్నదంతా ముచ్చటే,
కొత్త పిట్టను చూసిన పిల్లోని ముచ్చట.
నలభై ఏండ్లలో జత ఒక్కసారే చూసినాడంట,
ఎమ్మిగనూరులో. వాళ్లు అమ్మలేదంట.
"ఒక్కటైతే ఎనిమిది వందలు.
జత తెస్తే నువ్వు చెప్పిందే రేటు."

మాట మార్చడానికి విల్లు గురించి అడిగినా.
"మా జేజినాయనది.
మీ పక్కే తిరిగేవాడు, పత్తి ఏకను.
కూలికి గింజలు కొలిచేవాళ్లు."
అంతే అన్నాడు.
పేపరు మడిచి, పిడికెడు కొర్రల్ని
ఒక్కటీ కింద పడకుండా డబ్బాలో పోసుకున్నాడు.

"మాటు కోసి చూద్దామా" అన్నా.
"కోస్తే మామూలు సేరైపోతాది, ఎవురు కొంటారు?
దీని మోసమే దీని వెల."

తర్వాత, కళ్లద్దాలు తుడుచుకుంటా,
"ఇంట్లో ఇంకోటి ఉండాదా?"

టీవీ పక్కన, ఫోన్ చార్జర్లూ
కరెంటు బిల్లులూ కుక్కిన సేరు.
నడుముకు మూడు కట్లే. కొంచెం లావు.
అమ్మ దాన్ని రోజూ తుడుస్తాది.

"చూడాల" అన్నా.
ఆయన నా వైపు చూసినాడు,
నటరాజును చూసినట్లే, అద్దాల్లేకుండా.

కౌతాళం బస్సు.
గతుకు వచ్చినప్పుడల్లా ఒళ్లో సంచి.
ఎవరికో చేరాల్సిన గింజ
రెండు అడుగుల మధ్య
అటొకసారి, ఇటొకసారి.

"గిలక్కాయా అన్నా? పాపకా?"
పక్క సీటామె నవ్వతా అడిగింది.